తండ్రి వైపు మౌనం

పోయిన వారం చిట్టిని ప్రయోగశాలలో కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి, మన పనులు మనం చూసుకున్నాం. పాపం, ఆ పిల్ల వారమంతా అక్కడే కూర్చుని ఉందని బెంగపడకండి. కథలో గడిచింది ఒక్క రాత్రే. కాకపోతే ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడే బండెక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, మొదటినుంచీ ఉన్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. జొన్న మొలకల్ని నూరి, వాటిలో ఏ జన్యువు పలుకుతోందో, ఏది నోరు మూసుకుందో లెక్క తీయడం చిట్టి ఉద్యోగం. అదే విత్తన కేంద్రంలో ఆమె వదిన కొత్త సంకర జొన్నని తయారు చేసింది. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని, బిడ్డ పుట్టి నడక నేర్చాక గానీ ఒక కొలిక్కి రాలేదు. ఆ విత్తనం గులాబీ రంగు మందు పూసుకుని, బస్తాలకెక్కి, గోదాములో లారీల కోసం ఎదురుచూస్తోంది. వదిన ఊఁ అంటే రేపు పొద్దున్నే కదులుతుంది. తొలి వాన పడగానే వేల ఎకరాల్లో మట్టిలోకి దిగుతుంది.

సంకర జొన్న సంసారం కాస్త చిత్రమైనది. తల్లి మొక్కకి సొంత పుప్పొడి ఉండదు. కావాలనే అలాంటిదాన్ని ఎంచుకుంటారు, లేకపోతే అది తనలో తనే గింజ కట్టేసుకుని పక్క వరుసలోని తండ్రి మొహం కూడా చూడదు. తల్లికున్న ఆ లోటు బిడ్డకి అంటకుండా కాపాడే జన్యువు ఒకటి తండ్రి దగ్గర ఉంటుంది. అది బిడ్డకి అందితే కంకి నిండా గింజ. అందకపోతే పైరు ఏపుగానే పెరుగుతుంది, ఆకు నవనవలాడుతుంది, కంకి నిటారుగా లేస్తుంది. చేత్తో నులిమితే మాత్రం పొట్టు తప్ప ఏమీ రాదు. రైతు చివరిదాకా మురిసిపోయి, కోతకి దిగిన రోజున కుప్పకూలిపోతాడు.

తెర మీద చిట్టికి కనిపించింది అదే. బస్తాల్లోంచి తెచ్చిన గింజల్ని మొలకెత్తించి చూస్తే, తండ్రి నుంచి రావలసిన ఆ జన్యువు ఒక్క మొలకలో కూడా పలకలేదు. దానికి అటూ ఇటూ ఉన్న ఇరుగుపొరుగు జన్యువులు తల్లి గొంతుతో పలికాయి గానీ తండ్రి గొంతు వినిపించలేదు. అంటే జన్యువు అలిగి కూర్చోలేదు. ఆ జన్యువున్న ముక్కకి ముక్కే తెగి పడిపోయింది. దేనివల్ల తెగుతుందని ఆలోచిస్తూ చిట్టి తెల్లవార్లూ పక్కమీద దొర్లింది. తెల్లారేసరికి అన్నయ్య గుర్తొచ్చాడు.

ఎందుకంటే, అన్నావదినల కూతురు బుడ్డిది ఇంకా పాలు తాగే పిల్లగా ఉన్న వేసవిలో, విత్తన కేంద్రంలో శీతల గది చెడిపోయింది. తండ్రి విత్తనం వేడికి పాడైపోతుందని వదిన కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, "మా హాలు పక్కన ఒక చల్ల గది ఖాళీగా ఉంది, అందులో పెట్టుకో" అని అన్నయ్య తాళంచెవి ఇచ్చాడు. ఆ అన్నయ్య భౌతిక శాస్త్రవేత్త. ఆ హాలులో ఆయన చేసే పని, స్ఫటికాల మీదికి న్యూట్రాన్లని వదలడం. బతికున్న గింజకి తగిలితే జన్యువుల్ని తెంపగల కణాలవి.

మనం ఆగింది ఇక్కడ. ఇక పదండి, చిట్టి అప్పుడే హాలు గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.

*

ఆ రోజు యంత్రం ఆపేసి ఉంది. అంత పెద్ద హాలులో ఫ్యాన్ల చప్పుడు కూడా లేకపోయేసరికి చిట్టికి తన అడుగులే వింతగా వినిపించాయి. పైకప్పు దగ్గర పసుపు రంగు క్రేను, కింద మనిషి కన్నా ఎత్తైన కాంక్రీటు దిమ్మలు, వాటి మధ్య ఇరుకు దారులు. ఒక మూల చిన్న బల్ల ముందు అన్నయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని టీ తాగుతున్నాడు.

"రా చిట్టీ. ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడు? టీ తాగుతావా?"

"వద్దు. వదిన ఫోన్ ఎత్తట్లేదేంటి?"

"బుడ్డిదానికి మళ్ళీ జ్వరం. సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది." ఆయన పక్కనున్న స్టూలు కాలితో ఇటు జరిపాడు. "కూర్చో. ఒకే కుర్చీ ఉంటే మనిద్దరికీ కుదరదని తెలిసే ఇంకోటి వేయించాను."

ఇది వాళ్ళింట్లో పాత జోకు. చిన్నప్పుడు కిటికీ పక్క కుర్చీ కోసం అన్నాచెల్లెళ్ళు జుట్లు పట్టుకునేవాళ్ళు. పెద్దయ్యాక అన్నయ్య దానికి శాస్త్రీయమైన పేరు పెట్టాడు. ఫెర్మియాన్లని ఒక జాతి కణాలున్నాయట. ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రాన్ అన్నీ ఆ జాతివే. ఒకే రకం కణాలు రెండు ఒకే చోట, ఒకే తీరులో సర్దుకుని కూర్చోవడమన్నది వాటి చరిత్రలోనే లేదు. "మేమిద్దరం ఫెర్మియాన్లం" అని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి, వాళ్ళు అర్థమైనట్టు తలూపితే సంతోషించేవాడు.

చిట్టి నవ్వలేదు. కూర్చోనూ లేదు.

"ఆ చల్ల గది ఒకసారి చూపించు అన్నయ్యా."

"చూడ్డానికేముంది? పాత సామాన్లు పడేశాం."

"చూపించు."

ఆ గొంతు విని ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు.

గది హాలు గోడకి ఆనుకునే ఉంది. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. ఒక వైపు ఇనుప అరలు, వాటి నిండా పనికిరాని మానిటర్లు. ఇంకో వైపు, హాలు గోడ వెంబడి చెక్క బల్ల. వదిన ఆ వేసవంతా గింజలు ఏరుకున్న బల్ల అదే. దానికి జానెడు పైన గోడలో చదరంగా ఒక కన్నం ఉంది, భోజనం పళ్ళెమంత. చిట్టి వంగి చూసింది. కన్నం అవతల హాలులో వెలుగు కనిపించింది. మొహానికి చల్లగాలి తగిలింది.

"ఇదేంటి?"

"పాత కేబుళ్ళ దారి. దానికి దిమ్మ బిగించి ఉంటుంది, ప్లాస్టిక్ దిమ్మ, న్యూట్రాన్లు ఆగడానికి." అన్నయ్య ముందుకొచ్చి కన్నంలోకి చూశాడు. బల్ల కింద చూశాడు. అరల వెనక చెయ్యి పెట్టి తడిమాడు. "ఎవడో తీసి ఎక్కడో పారేసినట్టున్నాడు. ఈ మధ్యే అయ్యుంటుంది."

చిట్టి కన్నం అంచు మీద వేలు రాసి చూపించింది. వేలికి మందపాటి దుమ్ము అంటుకుంది. ఈ మధ్య తీసినదైతే అంత దుమ్ము ఉండదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు చెప్పింది చిట్టి, బస్తాల సంగతి, మొలకల సంగతి, తెగిపోయిన ముక్క సంగతి. అన్నయ్య మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. విన్నాక నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకున్నాడు.

"నువ్వనుకున్నట్టు కాదు. మా న్యూట్రాన్ల గొట్టం అటు చూస్తుంది, ఈ గది ఇటుంది. సూటిగా పోయేవి పక్కకెందుకు తిరుగుతాయి?"

"సూటిగా పోయేవి సరే. దేనికో తగిలి చెదిరినవి?"

"చెదిరినవాటికీ లెక్క ఉంది. ఆ వేసవి గొట్టం చివర న్యూట్రాన్లు ఆగడానికి మైనం దిమ్మలు పేర్చినప్పుడు నేనే కట్టాను. ఈ గదిలోకి వచ్చేది ఏమీ లేదని తేలాకే మీ వదినకి తాళంచెవి ఇచ్చాను. ఇచ్చేది పెళ్ళానికి కదా, గుడ్డిగా ఇస్తానా?"

"భద్రత వాళ్ళు మీటరు పెట్టి చూశారా?"

"చూశారు."

"మైనం పెట్టకముందా, పెట్టాకా?"

"ముందు. కానీ నా లెక్క ఉందిగా."

"ఆ లెక్క నాకు చూపించు."

మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చారు. అన్నయ్య కంప్యూటర్‌లో పాత ఫైలు తెరిచాడు. భద్రత విభాగం వాళ్ళ ప్రోగ్రాం మొద్దుదని ఆయన అభిప్రాయం. అందుకే తను చదువుకునే రోజుల్లో రాసుకుని, స్ఫటికాల కోసం ఇన్నేళ్ళుగా వాడుకుంటున్న సొంత ప్రోగ్రాంతోనే ఆ లెక్కా కట్టాడు. సొంత వంట మీద మనకున్న ప్రేమ లాంటిదే అది, దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు.

"మైనమంటే నిండా హైడ్రోజన్," అన్నాడు పాఠం చెప్పే గొంతుతో. ఆ గొంతులోకి దిగితే ఆయనకి ధైర్యంగా ఉంటుంది. "దాని కేంద్రకం ఒక్క ప్రోటాన్. ప్రోటాన్ ఫెర్మియానే, దానికొచ్చి తగిలే న్యూట్రానూ ఫెర్మియానే. రెండింటికీ బొంగరంలా ఒక తిరుగుడు ఉంటుంది. రెండూ ఒకే వైపు తిరుగుతుంటే ఒక రకంగా చెదురుతాయి, ఎదురెదురుగా తిరుగుతుంటే దానికి పూర్తిగా వ్యతిరేకంగా చెదురుతాయి. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. కలిపితే చాలామటుకు కొట్టుకుపోయి కొంచెమే మిగులుతుంది. ఇదిగో, ఎంత చిన్న అంకె వచ్చిందో చూడు."

"కొట్టుకుపోయేది లెక్కలోనా, నిజంగానా?"

"అంటే?"

"నాకు నీ అంత తెలీదు. కానీ తగిలిన న్యూట్రాన్ ఎటో ఒకవైపు పోవాలి కదా అన్నయ్యా. ప్లస్సు మైనస్సు కలిసి మాయమైపోదు కదా."

"మాయమవదు. కొట్టుకుపోయిందన్నది పద్ధతీ పాడూ లేకుండా అన్ని వైపులకీ చెదురుతుంది. అది మాకు మసక. స్ఫటికం బొమ్మ మీద దుమ్ములా పడుతుంది. దాన్ని ఎప్పుడూ తీసేసే..."

అక్కడ ఆగిపోయాడు.

చిట్టి తెర వైపు చూసింది. ఆమెకి ఆ ప్రోగ్రాంలో ఒక్క వరుస కూడా అర్థం కాదు. అన్నయ్య మొహం మాత్రం బాగా అర్థమవుతుంది. నాన్న జేబుగడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయిన రోజున చూసిన మొహం అది.

ఆయన మౌస్ పట్టుకుని ఫైలు మొదటికి వెళ్ళాడు. అక్కడ ఒక చిన్న మీట లాంటిది ఉంది, మసకని లెక్కలో ఉంచాలా తీసేయాలా అని అడిగేది. ఎన్నో ఏళ్ళ కిందట దాన్ని 'తీసేయి' అన్న వైపు తిప్పి మరిచిపోయాడు. స్ఫటికాల పనికి అదే సరైనది. గోడ అవతల మనుషులున్న గదికి మాత్రం, ఆయన అక్కర్లేదని ఊడ్చి పారేసిన ఆ చెత్తే అసలు సంగతి. మీట ఇటు తిప్పి, కన్నానికి దిమ్మ లేనట్టుగా మార్చి, లెక్క మళ్ళీ నడిపాడు. కాసేపటికి తెర మీద కొత్త అంకె వచ్చింది.

అన్నయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకుని చూశాడు. మళ్ళీ తీసి మళ్ళీ తుడిచాడు.

"ఎంత?" అంది చిట్టి.

"గింజలు రాత్రీ పగలూ అక్కడే ఉన్నాయి కదా, సీజనంతా." ఆయన అంకె చెప్పలేదు. "సరిపోతుంది. నువ్వు చెప్పినంత పనీ చేయడానికి సరిపోతుంది."

చిట్టి కోరి వచ్చిన జవాబే, అయినా అన్నయ్య నోటినుంచి వినడం వేరు. స్టూలు మీద కూలబడింది.

"సరే. వదినకి చెబుదాం, బస్తాలు ఆపిస్తుంది. ఆ తర్వాత మీ హాలు పెద్దాయనకి చెబుదాం."

"మొదటిది చెబుదాం. రెండోది వద్దు."

"ఏంటి?"

అన్నయ్య చుట్టూ చూశాడు. హాలులో పిట్ట కూడా లేదు, అయినా గొంతు తగ్గించాడు.

"చిట్టీ, విను. బస్తాలు ఆగాలి, అంతే కదా నీకు కావలసింది? ఆగుతాయి. గది ఊసు ఎత్తకుండానే ఆగుతాయి. విత్తనంలో జన్యువు పోయిందని చెప్పు, అది నిజమే. ఎలా పోయిందంటే, ఎంపికలో పోయిందని చెప్పు. అదీ సగం నిజమే. మీ వదిన పద్ధతి నీకు తెలియంది కాదు."

తెలుసు. ఆ కేంద్రంలో అందరికీ తెలుసు. తండ్రి విత్తనాన్ని కొత్తగా పెంచుకోవాల్సి వస్తే మిగతావాళ్ళు పది కంకులు కలిపి తీసుకుంటారు. వదిన మడంతా తిరిగి, అన్నిటికన్నా బాగున్న ఒక్క కంకిని తెంపుకొస్తుంది. చల్ల గదిలోంచి వచ్చిన విత్తనంతో రెండు కాపులు వరసగా అలాగే చేసింది. ఆ ఒక్క కంకిలోనే ముక్క తెగి ఉంది. పైకి చూస్తే దానికి ఏ లోపమూ లేదు, ఎందుకంటే ఆ జన్యువుతో తండ్రికి అవసరమే పడదు, బిడ్డకే పడుతుంది. తెగిన సంగతి తెలీక దాని గింజలతోనే మళ్ళు నింపారు, వాటితోనే మగ వరుసలు వేశారు. పరీక్ష మళ్ళలో అందరిచేతా శభాష్ అనిపించుకున్నది పాత తండ్రి బిడ్డ. బస్తాల్లో ఉన్నది కొత్త తండ్రి బిడ్డ.

"అంటే తప్పు వదిన మీద తోసేద్దామంటావు."

"తోసేయడం కాదు. ఎంపికలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నాలుగు మాటలు పడితే అయిపోతుంది. నా సంగతి అలా కాదు. ఈ హాలుకి తాళం పడుతుంది. నాతో పాటు ఇక్కడ పనిచేసే అందరి నోట్లో మట్టి పడుతుంది. తప్పు మోసే కుర్చీ ఒక్కటే చిట్టీ, అందులో ఎవరో ఒకరే కూర్చోవాలి. ఆమె కూర్చుంటే రేపు లేచి వస్తుంది. నేను కూర్చుంటే ఇక లేవను."

"ఈ మాట వదిన మొహం చూసి చెప్పగలవా?"

"పద," అన్నాడు. "నేనే చెబుతాను. నువ్వు నోరు తెరవకు, అంతే."

తెరవనని చిట్టి మాట ఇవ్వలేదు. తెరుస్తాననీ అనలేదు. ముందు బస్తాలు ఆగాలి అనుకుంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చనుకుంది. మంచివాళ్ళు మోసానికి ఒప్పుకునేది సాధారణంగా ఇలాగే, తర్వాత చూసుకుందాం అనుకునే.

*

బయట ఆకాశం ముసురు పట్టి ఉంది. గోదాము ముందునుంచి వెళుతుంటే లారీ ఒకటి వెనక్కి నడుస్తూ కనిపించింది. హమాలీలు అప్పుడే బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టారు. కుట్టు ఊడిన బస్తాలోంచి రాలిన గులాబీ గింజలు నేలంతా ఉన్నాయి. చిట్టి కళ్ళు తిప్పుకుంది.

తలుపు తీసిన వదిన చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఇద్దరూ కలిసి వచ్చారా? అయితే వాన గ్యారంటీ."

"ఎలా ఉంది బుడ్డిదానికి?" అంది చిట్టి.

"పొద్దున్న తగ్గింది, ఇప్పుడు మళ్ళీ ఒళ్ళు వెచ్చగా ఉంది. రక్తం తీసుకున్నారు, సాయంత్రం చెబుతామన్నారు. ఊరికే వచ్చే జ్వరాలకి ఇన్ని పరీక్షలెందుకో." వదిన వాళ్ళ మొహాలు చూసి గుడ్డ పక్కన పెట్టింది. "ఏమైంది?"

"కూర్చో," అన్నాడు అన్నయ్య. తను మాత్రం నిలబడే ఉన్నాడు. "బస్తాల్లో విత్తనం బాగోలేదు. కంకి కట్టదు. చిట్టి చూసింది."

వదిన ఆయన వైపు చూడలేదు. చిట్టి వైపు తిరిగింది. అరవలేదు, ఏడవలేదు. గొంతు కూడా మారలేదు.

"పుప్పొడి జన్యువా?"

"ఆఁ."

"ఎన్ని మొలకల్లో?"

"చూసినవాటిలో ఒక్కదాంట్లో కూడా లేదు వదినా."

"పక్క జన్యువులు?"

"తల్లి వైపువే పలుకుతున్నాయి. తండ్రి వైపు ఆ ముక్కే లేదు."

"పాత తండ్రి విత్తనం కొంచెం దాచి ఉంచాను. అది చూశావా?"

"చూశాను. అందులో ఉంది."

వదిన కాసేపు తన అరచేతుల్లోకి చూసుకుంది. "అయితే పోయింది నా చేతిలోనే," అంది. "ఒక్క కంకి వద్దు, పది తీసుకో అని అందరూ చెప్పారు. నేను వినలేదు. అంత చక్కటి కంకిని వదిలేయాలనిపించలేదు."

ఇప్పుడు అన్నయ్య మాట్లాడాలి. చిట్టి ఆయన వైపు గుచ్చి చూసింది.

"అలా జరుగుతుంటుంది," అన్నాడు. "ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. మనసులో పెట్టుకోకు."

చిట్టికి అన్నయ్య మీద అసహ్యం వేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

వదిన ఫోన్ తీసి గోదాముకి చేసింది. "నేనే. బస్తాలు కదలనివ్వకండి. ఎక్కించినవి దింపేయండి. లేదు, ఒక్కటి కూడా పోకూడదు. పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. కారణమా? ఎంపికలో తప్పు జరిగింది. నాదే తప్పు." అవతలివాడు ఏదో అడిగినట్టున్నాడు. "అవును, నాదేనని రాసుకోండి," అని ఫోన్ పెట్టేసింది.

అంతే. ఇన్నేళ్ళ కష్టం రెండు నిమిషాల్లో లారీ దిగిపోయింది. వేల ఎకరాల్లో పొట్టు కంకులు లేవకుండా ఒక మనిషి తన పేరు తనే చెరుపుకుంది. చెప్పేయాలి, ఇక ఆగకూడదు అనుకుని చిట్టి నోరు తెరిచింది.

అప్పుడే లోపలి గదిలోంచి సర్రుమని చప్పుడు వచ్చింది, బరువైన వస్తువేదో నేల మీద ఈడ్చినట్టు.

"దాహమేసినట్టుంది," అంది వదిన. "తన పీట తనే తెచ్చుకుంటుంది. ఎత్తుకుంటానంటే ఒప్పుకోదు."

బుడ్డిది వంటింటి గుమ్మంలోకి వచ్చింది. జ్వరానికి బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, గౌను ఒక భుజం మీంచి జారి ఉంది. రెండు చేతులతోనూ పీటని తోసుకుంటూ కుళాయి కిందికి చేర్చి, దాని మీదికెక్కి గ్లాసు పట్టుకుంది. రోజూ ఆ పీటకి పూల గుడ్డతో కుట్టిన తొడుగు ఉంటుంది. చిట్టి ఎన్నోసార్లు దాని మీద కాళ్ళు పెట్టుకుని కబుర్లు చెప్పింది. పొద్దున్న పిల్ల పాలు కక్కుకుంటే వదిన ఆ తొడుగు తీసి ఉతికి ఆరేసింది. ఇవాళ పీట బోసిగా ఉంది. తెల్లటి ప్లాస్టిక్ దిమ్మ, చదరంగా, భోజనం పళ్ళెమంత. ఒక పక్కన పసుపు చార ఉంది.

అన్నయ్య దాన్ని చూశాడు. ఇంతకాలం రోజూ పళ్ళు తోముకుంటూ తొడుగుతో చూసినదే. దగ్గరికి వెళ్ళి పిల్లని ఎత్తి నేల మీద దించి, దిమ్మని తిరగేశాడు. కింది వైపు నల్ల సిరాతో 'కదిలించవద్దు' అని రాసి ఉంది. అది ఆయన చేతిరాతే.

"ఇదెక్కడిది?" అన్నాడు.

"మీ దగ్గరిదే," అంది వదిన. "మీ చల్ల గది గోడలో కన్నానికి బిగించి ఉండేది. పిల్ల నిలబడ్డానికి బాగుంటుందని గది ఖాళీ చేసిన రోజున తెచ్చేశాను. కావాలా? తీసుకుపోండి."

"ఎప్పుడు తీశావు దీన్ని?"

"గింజలు పెట్టిన మొదట్లోనే."

"ఎందుకు తీశావు?"

వదిన ఆయన్ని వింతగా చూసింది. "గాలి కోసం. గది చల్లగానే ఉండేది గానీ గాలి ఆడేది కాదు, అది తీస్తే హాలులోంచి చల్లగాలి వచ్చేది."

"గింజలకా?"

"గింజలకి గాలెందుకండీ? పాపకి. ఇంట్లో ఉక్కపోతకి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. మీకు చెబితే హాలు దగ్గరికి పిల్లనెందుకు తెచ్చావని కేకలేస్తారని చెప్పలేదు. నేను గింజలు ఏరుతుంటే బల్ల మీద దుప్పటి పరిచి, కన్నానికి ఎదురుగా పడుకోబెట్టేదాన్ని. దొర్లి కింద పడకుండా విత్తనం సంచులు ఇటు పక్కన అడ్డం పెట్టేదాన్ని. ఎంత హాయిగా నిద్రపోయేదో."

కన్నం ముందు పాప. పాప వెనక గింజలు. చిట్టి కళ్ళ ముందు ఆ బల్ల కనిపించింది. నిద్రపోయే పాప కనిపించింది. గింజల్లో ముక్క తెంపిన కణాలు పగలంతా ఎవరి ఒంట్లోంచి దాటి వచ్చాయో తెలిసి ఆమె చేత్తో గోడ పట్టుకుంది.

అన్నయ్య దిమ్మని గుండెలకి అదుముకుని నేల మీదే కూర్చుండిపోయాడు. బుడ్డిది ఖాళీ గ్లాసు పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, నా పీట."

ఆయన ఇవ్వలేదు. వినిపించినట్టే లేడు.

వదిన చూపు దిమ్మ మీద కాసేపు ఆగింది. అక్కణ్ణుంచి భర్త మొహానికి వెళ్ళింది. తిరిగి చిట్టి దగ్గరికొచ్చి నిలిచింది. ఎంచడం తెలిసిన మనిషి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవడం ఆమెకి కొత్త కాదు.

"చిట్టీ," అంది నెమ్మదిగా. "ఆ ముక్క దేనివల్ల తెగిందో నువ్వు నాకింకా చెప్పలేదు."